గురి తప్పిన డిస్కు ఎక్కడ పడుతుంది?

వీధి పార్కులో డిస్క్ గోల్ఫ్ ఏర్పాటు చేసుకోదలచిన వారికి కొన్ని సలహాలు

ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోదగిన ఆట, పెద్దగా ఖర్చు లేనిది, ఏదైనా ఉంటే చెప్పండి అని అడిగేవారు చాలామంది. షటిల్ ఆడదామంటే మన అనంతపురం సీమ గాలికి బంతి నిలవదు. క్రికెట్టు ఆడదామంటే పక్కింటివారి కిటికీ అద్దాలు నిలవవు. పోనీ రోజూ ఓ గంట నడవండి అంటే, ఒంటరిగా నడవడం విసుగండీ అంటారు. అటువంటి వారికి నప్పే ఆట ఒకటి ఉంది. దాని పేరు డిస్క్ గోల్ఫ్.

పుట్టపర్తి 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రమైంది. జిల్లా కేంద్రమంటే ఆఫీసులు, ఉద్యోగుల ఇళ్లు, కొత్త కాలనీలు, వాటితోపాటే పార్కులు. పార్కు అంటూ ఉంటే అందులో పిల్లలకూ పెద్దలకూ ఒక ఆట ఉంటే బాగుండుననిపించడం సహజమే. అయితే పార్కు ఒక్క ఆటగాళ్లది కాదు. పొద్దున్నే చేతికర్రతో నడిచే తాతగారిదీ, ఉయ్యాల దగ్గర పరుగులు తీసే మూడేళ్ల పాపదీ కూడా. వాళ్లకు దెబ్బ తగలకుండా ఈ ఆటను ఎలా ఏర్పాటు చేసుకోవాలన్నదే ఈ వారం మన విషయం.

ఏమిటీ ఆట?

అమెరికాలో ఉన్న కొడుకునో కూతురినో చూడటానికి వెళ్లివచ్చినవారు షార్లెట్, డాలస్, ఆస్టిన్ వంటి ఊళ్ల పార్కుల్లో ఒక వింత చూసే ఉంటారు. ఇనుప స్తంభానికి ఒక బుట్ట, బుట్టపైన వేలాడే గొలుసులు. దూరంగా ఒక గీత దగ్గర నిలబడి ప్లాస్టిక్ పళ్లెం వంటి డిస్కును ఆ బుట్టలోకి విసురుతారు. అది ఎక్కడ పడితే అక్కడికి నడిచి వెళ్లి, అక్కడినుంచి మళ్లీ విసురుతారు. ఎవరు తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే వారు గెలిచినట్లు. గోల్ఫ్ లాంటిదే కాని, ఖరీదైన కర్రలూ వద్దు, పచ్చగడ్డి మైదానమూ వద్దు.

1975లో కాలిఫోర్నియాలోని లా కెన్యాడా ఫ్లింట్‌రిడ్జ్ అనే ఊళ్లో, ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన ఈ ఆటకు మొదటి శాశ్వత మైదానాన్ని ఏర్పాటు చేశాడు. అంతకు ముందు జనం చెట్లనూ, చెత్తడబ్బాలనూ గురిగా పెట్టుకుని ఆడేవారు. హెడ్రిక్ కూడా మొదట పాతినవి ఉత్త స్తంభాలే. డిస్కు తగిలిందా లేదా అని ఆటగాళ్లు తగాదా పడుతుండటంతో, డిస్కును పట్టి ఆపే గొలుసుల బుట్టను తయారుచేసి 1977లో దానికి పేటెంటు పొందాడు. 1976లో ఈ ఆటగాళ్ల సంఘం కూడా ఆయన చేతిమీదుగానే మొదలైంది.

ఆరోగ్యానికి మేలేనా అంటే, మేలే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధితో ఉన్నారు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలే పని చేయాలనీ, అయిదేళ్లు దాటిన పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఆటపాటల్లో ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాత్ర మింగినట్లుగా వ్యాయామం చేసేవాడు పదిరోజులకు మానేస్తాడు. ఆటగా ఆడేవాడు మానడు. ఈ ఆటలోని గొప్పదనం అదే. అరవై ఏళ్లవారూ పదేళ్లవారూ కలిసి ఆడవచ్చు. పరుగు అక్కరలేదు.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

ప్లాస్టిక్ పళ్లెమే కదా, దెబ్బేముంటుంది అనుకోకండి. ఈ ఆటకు వాడే అసలు డిస్కు పిల్లలు సరదాకు ఎగరేసే మెత్తటి పళ్లెం కాదు. అది గట్టి ప్లాస్టిక్కుతో చేసినది. అంచు పలుచగా ఉంటుంది. బరువు 150 నుంచి 175 గ్రాములు. క్రికెట్టు బంతి బరువు సుమారు 160 గ్రాములు. అంటే రెండూ ఒక్కటే! ఆరితేరిన ఆటగాడు బలంగా విసిరితే ఈ డిస్కు గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటుతుంది. కొత్తవారి చేతిలో అంత వేగం ఉండదు కాని, కంటికి తగిలితే అందులో సగం వేగం చాలు.

మన పెద్దలకు ఈ సంగతి కొత్తది కాదు. బిళ్లంగోడు అనండి, గోటీబిళ్ల అనండి, వీధిలో ఆ ఆట మొదలుపెట్టగానే అరుగుమీది అవ్వ ‘కళ్లు పోతాయిరా!’ అని కేకలేసేది. ఆమె భయం ఆడేవాడి గురించి కాదు. ఆ దారిన పోయేవాడి గురించి.

సరిగ్గా ఇక్కడే చాలామంది పొరపడతారు. మైదానం గీసేటప్పుడు ‘ఇక్కడినుంచి విసిరితే అక్కడి బుట్టలో పడుతుంది’ అని చూసుకుంటారు. బుట్టలో పడే డిస్కు వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. గురి తప్పిన డిస్కు ఎక్కడ పడుతుందన్నదే ప్రశ్న. ఆరితేరినవాడి విసురు కాదు, మొదటిరోజు ఆడే మీ తోడికోడలి విసురు, పదేళ్ల కుర్రవాడి విసురు చూసి మైదానం గీయాలి. డిస్కు పడగల చోట నడక బాట గాని, బెంచీ గాని, ఉయ్యాల గాని ఉండకూడదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే తక్కినవన్నీ వాటంతటవే వస్తాయి.

ఎంత జాగా కావాలి?

లెక్క వేసి చూద్దాం. విసిరే గీత నుంచి బుట్ట 40 మీటర్ల దూరంలో ఉందనుకోండి. కొత్తవారికి ఇది చాలినంత దూరం. విసిరేటప్పుడు చెయ్యి కాస్త ముందో వెనకో వదిలి డిస్కు 15 డిగ్రీలు పక్కకు పోయిందంటే, అది బుట్టకు 10 మీటర్ల పక్కన పడుతుంది. కొత్తవారు 30 డిగ్రీలు తప్పడం కూడా వింత కాదు. అప్పుడు 20 మీటర్ల పక్కన పడుతుంది. కుడికి 20, ఎడమకు 20, వెరసి 40 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలి. బుట్టను దాటి పోయే డిస్కుల కోసం వెనక మరో 20 మీటర్లు వదలాలి. అంటే ఒక్క బుట్టకు 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు. మన లెక్కలో సుమారు 60 సెంట్ల నేల. దీన్ని ఒక ‘మడి’ అనుకుందాం.

రెండెకరాల ఖాళీ నేల ఉంటే మూడు మళ్లు వస్తాయి. అమెరికాలో 18 బుట్టలు ఉంటాయట కదా, మనకు మూడేనా అని చిన్నబుచ్చుకోవద్దు. మూడింటినే నాలుగుసార్లు చుట్టిరండి. బుట్టదాకా వెళ్లి తిరిగిరావడం 80 మీటర్లు. మూడు బుట్టలకు, మడినుంచి మడికి నడిచేదీ కలుపుకుంటే ఒక చుట్టు 300 మీటర్లు. నాలుగు చుట్లకు కిలోమీటరు దాటుతుంది. దానికితోడు ఆటకు ముందో తర్వాతో ఇరవై నిమిషాలు చురుగ్గా నడిస్తే ఆ రోజు వ్యాయామం పూర్తయినట్లే.

మా వీధి పార్కు మొత్తం పాతిక సెంట్లే, మేం ఏం చేయాలి అంటారా? అక్కడ 40 మీటర్ల ఆట ఆడనే కూడదు. ఇది మొహమాటం లేకుండా చెప్పవలసిన మాట. ఎంత జాగ్రత్తగా ఆడినా చాలదు. కాని చిన్న పార్కుకు చిన్న ఆట ఉంది. బుట్టను 10 మీటర్ల దూరంలో పెట్టండి. అదే లెక్కన 30 డిగ్రీలు తప్పితే 5 మీటర్లే పక్కకు పోతుంది. 10 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు సరిపోతుంది. అంటే నాలుగు సెంట్లు! దానికి మెత్తటి రబ్బరు డిస్కులు గాని, మన బడుల్లో ఆడపిల్లలు ఆడే టెన్నికాయిట్ రింగు గాని వాడండి. గట్టి డిస్కును చిన్న పార్కులోకి రానివ్వకండి. ఒక మూలగా, వెనక కాంపౌండు గోడ వచ్చేట్లు ఏర్పాటు చేస్తే తల్లి బెంచీ మీద కూర్చుని చూస్తుండగా పిల్లలు నిశ్చింతగా ఆడుకుంటారు.

ఎండ, గాలి చూసి దిక్కు నిర్ణయించండి

ఇల్లు కట్టేటప్పుడు దిక్కులు చూస్తాం. ఆటకు కూడా చూడాలి, కారణం వేరు. మన ఎండలకు ఆడగలిగేది పొద్దున్నా సాయంత్రమే. పొద్దున సూర్యుడు తూర్పున, సాయంత్రం పడమట, రెండుపూటలా కిందుగా ఉంటాడు. తూర్పు పడమరలుగా విసిరితే ఏదో ఒక పూట కళ్లలో ఎండపడుతుంది. ఎదురుగా ఎవరు నడుస్తున్నారో విసిరేవారికి కనిపించదు. కాబట్టి మడి ఉత్తర దక్షిణాలుగా ఉండాలి.

ఇక గాలి. ఆషాఢ శ్రావణాల్లో మన సీమలో వీచే గాలి సంగతి మీకు తెలియనిది కాదు. ఆ గాలిని నమ్ముకునే రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారు. ఆ రోజుల్లో గాలి ముఖ్యంగా పడమటి వైపునుంచి, నైరుతి నుంచి వస్తుంది. డిస్కును తూర్పుకు తోస్తుంది. మరొక సంగతి. కుడిచేతివాటం వారిలో ఎక్కువమంది చేతిని ఎడమవైపు నుంచి తెచ్చి విసురుతారు. అలా విసిరిన డిస్కు వేగం తగ్గేకొద్దీ ఎడమకు ఒరుగుతుంది.

ఈ రెండూ కలిపి ఆలోచించండి. ఉత్తరం కొసన నిలబడి దక్షిణానికి విసిరితే ఎడమవైపు తూర్పు అవుతుంది. గాలి తోసేదీ తూర్పుకే, డిస్కు ఒరిగేదీ తూర్పుకే. కాబట్టి నడక బాట, బెంచీలు, ఉయ్యాలలు పడమటి వైపున ఉంచి, తూర్పు వైపున ఖాళీ నేలో, కాంపౌండు గోడో ఉండేట్లు చూసుకోండి. మూడు మళ్లూ పక్కపక్కనే, అన్నిటిలోనూ విసిరేది ఒకే దిక్కుకు. ఎదురెదురుగా విసిరే మళ్లు, ఒకదాన్నొకటి దాటే మళ్లు ఎన్నడూ పనికిరావు. అలా అయితే ప్రతిసారీ వెనక్కి నడిచి రావాలి కదా అంటారేమో. నడకే కదండీ మనకు కావలసింది!

ఎడమచేతివాటం వారు విసిరిన డిస్కు కుడికి ఒరుగుతుంది. అందుకే పడమటి వైపు కూడా 20 మీటర్లు తగ్గించవద్దు. గాలి హోరుమని వీచే రోజున గట్టి డిస్కులు ఇంట్లో పెట్టేయండి. ఆ పూట నడక చాలు.

ముగ్గు పరీక్ష

కాగితం మీద గీసినది నేలమీద సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కరలేదు. ఇంట్లో ముగ్గుపిండి ఉంటే చాలు. పార్కులో జనం లేని పూట చూసుకోండి. నూనె డబ్బాలో ఇసుక నింపి, అందులో ఒక కర్ర నిలబెట్టి, బుట్ట ఉండవలసిన చోట పెట్టండి. ఎన్నడూ ఆడనివారు నలుగురు, పిల్లలు ముగ్గురు, కాస్త చెయ్యి తిరిగిన కుర్రవాళ్లు ముగ్గురు, మొత్తం పదిమందిని పిలవండి. ఒక్కొక్కరి చేత పదిసార్లు విసిరించండి. డిస్కు మొదట ఎక్కడ పడిందో అక్కడ ఒక చుక్క, జారి ఎక్కడ ఆగిందో అక్కడ ఒక చుక్క ముగ్గుపిండితో పెట్టండి.

ఈ రెండో చుక్క మన ఊళ్లకు మరీ ముఖ్యం. పచ్చిక ఉన్న నేలమీద డిస్కు పడ్డచోటే ఆగుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే మన గట్టి ఎర్రనేలమీద అది తాకి, లేచి, మళ్లీ జారుతూ పోతుంది. అలా జారే డిస్కు మనిషి చీలమండకూ, చిన్నపిల్లల మొహానికీ తగిలే ఎత్తులో పోతుంది.

వంద విసుర్లు అయ్యాక దూరంగా నిలబడి చూడండి. ముగ్గు చుక్కలే మీకు జవాబు చెబుతాయి. ఒక్క చుక్క నడక బాట మీద పడినా, ఉయ్యాల దగ్గర పడినా బుట్టను దగ్గరకు జరపండి, లేదా దిక్కు మార్చండి. మళ్లీ పరీక్షించండి. మూడుసార్లు మార్చినా కుదరకపోతే ఆ చోటు ఈ ఆటకు తగినది కాదన్నమాట. ‘ఒక్కటే కదా’ అని సరిపెట్టుకోవద్దు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. పరీక్షలో నెగ్గినా మొదటి నెలరోజులు ఇసుక డబ్బాలతోనే ఆడి, ఆ తర్వాతే సిమెంటు పోసి స్తంభాలు పాతండి.

బుట్ట, చెట్టు, నేల

బుట్టను విదేశాలనుంచి తెప్పించనక్కరలేదు. పాత సైకిలు రిమ్ము ఒకటి, దానికి వేలాడే సన్నటి గొలుసులు, కింద ఇనుప చువ్వల బుట్ట. ఏ వెల్డింగు షాపువారయినా చేసిపెడతారు. చిన్న పార్కులో ఆడే మెత్తటి డిస్కులకైతే కర్రకు కట్టిన వెదురు గంప చాలు. చువ్వల కొసలు బయటికి పొడుచుకుని ఉండకూడదు. ఆకురాయితో నున్నగా చేయించి రంగు వేయించండి. స్తంభానికి ఎర్రటి రంగు గాని, పసుపు రంగు గాని వేస్తే మసక వెలుతురులో ఎవరూ వచ్చి గుద్దుకోరు.

చెట్టును మాత్రం గురిగా పెట్టుకోకండి. మేకులు కొట్టి బుట్టలు తగిలించకండి. మన నేలలో ఒక వేపచెట్టో, కానుగచెట్టో నీడనిచ్చే దశకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసు. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో పీజ్ పార్కు అని ఉంది. అక్కడ ఎంతో పేరున్న డిస్క్ గోల్ఫ్ మైదానాన్ని 2011లో మూసివేశారు. అడుగుల తాకిడికి నేల గట్టిపడి, మన్ను కోసుకుపోయి, చెట్లు దెబ్బతినడమే కారణం. అక్కడే అలా జరిగితే మన సంగతి చెప్పేదేముంది? చెట్ల పాదుల్లో అడుగు పెట్టకుండా చుట్టూ రాళ్లు పేర్చండి. విసిరే గీతను ఏడాదికోసారి రెండడుగులు అటూ ఇటూ జరపండి. ఈ ఆటకు పచ్చిక అక్కరలేదు గనుక దానికోసం బోరునీళ్లు పోయవద్దు.

నేలమీద గులకరాళ్లు ఏరించండి, గుంతలు పూడ్పించండి. సర్కారు తుమ్మ కంప ఎక్కడున్నా తీయించాలి. ఆ ముల్లు చెప్పును కూడా దాటి దిగుతుంది. పొదల్లోకి పోయిన డిస్కుకోసం చెయ్యి పెట్టవద్దు. పొడుగాటి కర్రతో లాగండి. రక్తపింజరి, తేలు వంటివి ఉండే చోట్లవి. పిల్లలకు ఈ అలవాటు మొదటిరోజే నేర్పాలి.

పార్కులో జాగా లేదు, చిత్రావతి ఏటిలో బోలెడంత ఇసుక ఉంది కదా, అక్కడ పాతుదాం అనే ఆలోచన కొందరికి రావచ్చు. వద్దు. ఏళ్లతరబడి ఎండి ఉన్నంత మాత్రాన ఏరు ఏరు కాకుండా పోదు. 2021 నవంబరులో వచ్చిన వరద సంగతి మరచిపోకండి.

పార్కు మునిసిపాలిటీది గనుక ముందుగా అర్జీ పెట్టి, గీసిన పటం చూపించి, అనుమతి తీసుకున్నాకే గడ్డపార పట్టండి. రోజూ నడిచేవారిని, ముఖ్యంగా వృద్ధులను కూర్చోబెట్టుకుని పటం చూపించడం అంతకంటే ముఖ్యం. మీకు తోచని అపాయం వాళ్లకు తోస్తుంది.

ఎవరెవరు జాగ్రత్తగా ఉండాలి?

ఆడబోయే ముందు అయిదు నిమిషాలు భుజాలు, మణికట్లు, నడుము నెమ్మదిగా తిప్పి వదులు చేసుకోండి. మొదటి వారం సగం బలంతోనే విసరండి. ఒకేరోజు వందసార్లు విసిరితే మర్నాటికి మోచెయ్యి, భుజం పట్టేస్తాయి.

చక్కెర వ్యాధి ఉన్నవారు వట్టికాళ్లతో పార్కులో అడుగు పెట్టకూడదు. వ్యాధి ముదిరినవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా తెలియదు. తెలిసేసరికి పుండవుతుంది. మూసిన బూట్లు వేసుకుని, ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోండి. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారు జేబులో నాలుగు చక్కెర బిళ్లలు ఉంచుకోవాలి. చెమటపట్టి, చేతులు వణికితే వెంటనే నోట్లో వేసుకోవాలి. ఈ వ్యాధి ఉన్నవారిలో భుజం బిగుసుకుపోవడం కూడా ఎక్కువ. చెయ్యి పైకెత్తడమే కష్టంగా ఉంటే విసరడం మాని, వైద్యుని చూడండి. గుండెజబ్బు ఉన్నవారు, ఆమధ్య కంటి ఆపరేషను అయినవారు తమ డాక్టరు సరేనన్నాకే ఆడాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పొద్దున ఎనిమిదిన్నర లోపల, సాయంత్రం అయిదున్నర తర్వాత తప్ప ఆడవద్దు. ఇంటినుంచి మంచినీళ్లు తెచ్చుకోండి. మన జిల్లాలో చాలాచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పిల్లలు ఆటలో దాహమేసి పార్కు బోరు దగ్గర తాగే అలవాటు చేసుకోకుండా చూడండి. కాస్త ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ మంచిది. రక్తపుపోటు ఉన్నవారు ఆ ఉప్పు కూడా మానాలి.

అయిదేళ్లలోపు పిల్లలను ‘ఆటలో అరటిపండు’ అని వెంటబెట్టుకు తీసుకురావడం మనకు అలవాటు. చిన్న పార్కులో మెత్తటి డిస్కుల ఆటకైతే సరే. గట్టి డిస్కుల మడిలోకి మాత్రం వాళ్లు రాకూడదు. డిస్కు వెంట పరుగెత్తేది వాళ్లే, దెబ్బ తినేదీ వాళ్లే.

దెబ్బ తగిలితే

కంటికి తగిలితే నలపవద్దు, నొక్కవద్దు. పసరు, తల్లిపాలు, ఇంట్లో మిగిలిన పాత చుక్కల మందు ఏదీ పోయవద్దు. శుభ్రమైన కాగితపు కప్పును కంటిమీద ఒత్తకుండా బోర్లించి, అంచులకు ప్లాస్టరు అంటించి కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. చూపు బాగానే ఉంది కదా అని ఊరుకోకండి. లోపలి నెత్తురు, లోపలి పొర ఊడటం కొన్నాళ్లకు బయటపడవచ్చు.

తలకు తగిలి బుడిపె కట్టితే తడిగుడ్డ వేయండి. రెండురోజులు కనిపెట్టి ఉండండి. వాంతులు, ఎడతెగని మత్తు, మాట తడబడటం, ఫిట్లు, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి.

తెగిన గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టండి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎన్నేళ్లయిందో డాక్టరుకు చెప్పండి. కాఫీపొడి, సున్నం అద్దకండి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. కరిచిన కాలునో చేతినో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి.

ఎండదెబ్బకు ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడిపి విసరండి. వెంటనే 108ని పిలవండి. స్పృహలేని మనిషికి నోట్లో నీళ్లు పోయకూడదు.

పార్కు గేటు దగ్గర రాసి పెట్టండి

పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఈ ఆరు మాటలు బోర్డు మీద రాయించండి.

1. నడిచేవారిదే ముందు హక్కు. వారు దాటిపోయేదాకా డిస్కు చేతిలోనే ఉండాలి.

2. మడిలో మనిషి ఉండగా విసరకూడదు. ముందు ఆడినవారు గీత వెనక్కి వచ్చాకే తరువాతివారు విసరాలి.

3. బుట్టకు దూరంగా ఉన్నవారు ముందు విసరాలి. తక్కినవారంతా వారి వెనక నిలబడాలి.

4. డిస్కు దారి తప్పితే ‘జరగండి!’ అని గట్టిగా కేక వేయాలి. కేక వినగానే తల వంచి, చేతులతో మొహం కప్పుకోవాలి. తలెత్తి చూడకూడదు.

5. పన్నెండేళ్లలోపు పిల్లలు మెత్తటి డిస్కులతోనే ఆడాలి.

6. చీకటి పడ్డాక, గాలి హోరున్నప్పుడు ఆట లేదు.

బోర్డు ఉంది కదా అని భరోసా పడి ఊరుకోవద్దు. మూడేళ్ల పాపకు చదవడం రాదు. చత్వారం వచ్చిన తాతగారు కళ్లజోడు ఇంట్లో మరచివస్తారు. వాళ్లిద్దరినీ కాపాడవలసింది మీరు వదిలిపెట్టిన ఆ 20 మీటర్ల ఖాళీ నేల. అది వృథా అయిన జాగా కాదు. అందులోనే అందరి క్షేమం ఉంది. కొలిచేటప్పుడు అక్కడ పిసినారితనం చూపకండి. ఆ తర్వాత మీ ఇంటివారినందరినీ పిలుచుకుని హాయిగా ఆడుకోండి.